దీపపు వేడిమి – గదిలోని గాలి

దీపమును మనము వెలుగుకొరకే వెలిగింతుము. వేడిమి మాత్రము పిలువని పేరంటమునకు వచ్చినట్లు దానివెంట వచ్చును. ఆ వేడిమికి పని చెప్పి, గదిలోని చెడుగాలిని దానిచేతనే వెలుపలికి పంపవచ్చునను యోచన నేటిది కాదు.

పంతొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో గ్యాసు దీపములు వ్యాపించినప్పుడు వెలుగుతోపాటు తలనొప్పియు ఇండ్లలో ప్రవేశించెను. గ్యాసు మండగా పుట్టిన నీటియావిరి, బొగ్గుపులుసు వాయువు, గంధకామ్లము గదిలోనే నిలిచిపోయెడివి. లండనులోని ఎథీనియం క్లబ్బు గ్రంథాలయమున ఈ ఆమ్లము పుస్తకముల తోలు అట్టలను తినివేయుచుండెను. మైకేల్ ఫారడే ఈ చిక్కును విప్పెను. దీపపు గాజుగొట్టమును మరియొక గాజుగొట్టములో నుంచి, పైకెక్కిన వేడిగాలి ఆ రెంటి నడుమ క్రిందికి దిగి, లోహపు గొట్టముగుండ ఇల్లు దాటిపోవునట్లు చేసెను. దానిని నడుపుటకు వేరు యంత్రమేమియు లేదు, దీపశిఖయే యంత్రము. 1843లో దీనికి పేటెంటు పొందినవాడు ఫారడే కాడు, ఆయన అన్న రాబర్టు. తమ్ముడు ఆ హక్కును అన్నకు ఊరకనే యిచ్చివేసెను. పేటెంటు వ్యాజ్యములు నడపు మావంటి న్యాయవాదులకు ఇది అబ్బురముగనే తోచును.

నాటకశాలలలోను ఇదే ఉపాయము సాగినది. పైకప్పు నడుమ గ్యాసుజ్వాలల గుత్తి, దానిమీద వెలుపలికి తెరచిన గొట్టము. వందలకొలది ప్రేక్షకుల ఊపిరులతో బరువెక్కిన గాలి ఆ దారిని పోయెడిది.

ఇందలి కీలకము దీపము కాదు, దారి. గొట్టము ఎంత పొడవైనదో, లోపలి గాలికిని వెలుపలి గాలికిని వేడిమిలో ఎంత భేదమున్నదో, ఈడ్పు అంత హెచ్చును. పైన పోవుటకు రంధ్రము, క్రింద వచ్చుటకు సందు లేనిచో దీపము ఆ గాలినే త్రిప్పి త్రిప్పి మరింత ఉడికించును. తలుపులు బిగించిన గదిలో రాత్రియంతయు కిరసనాయిలు దీపమునో బొగ్గుల కుంపటినో మండనిచ్చుట ప్రాణాపాయమే.

విద్యుద్దీపము పొగ మాన్పినది గాని వేడిమిని మాన్పలేదు. పాత తీగబల్బు పుచ్చుకొను విద్యుత్తులో వెలుగగునది నూటికి పదిపాళ్లకు లోపే. అరువది వాట్ల బల్బు వేడిమినంతయు గొట్టములోనికి మరల్చి, గాలిని పది డిగ్రీలు వేడెక్కించినయెడల గంటకు సుమారు 18 ఘనమీటర్ల గాలి వెలుపలికి పోవలెను. చిన్న పడకగదిలోని గాలిలో సగమునకు మించినది! అంత వెలుగును నేటి ఎల్.ఇ.డి. దీపము సుమారు తొమ్మిది వాట్లతోనే యిచ్చుచున్నది. కరెంటు బిల్లుకు మేలే. గాలిని తోలు పనికి మాత్రము అది చాలదు.

అయినను గదిలో మరియొక దీపమున్నది. ఊరక కూర్చున్న మనుష్యుడు సుమారు 100 వాట్ల వేడిమిని విడుచును. మన పెద్దల మండువా లోగిలిలో ఆ వేడిగాలికి నడిమి ఆకాశము దారి. నగరపు అద్దె వాటాలలో పైకప్పు దగ్గరి వెంటిలేటరునో, దానిని ఏసీకొరకు అట్టతో మూసిన గుర్తునో చూచుచున్నాము. సీలింగు ఫ్యాను గాలిని కదలించును గాని మార్చదు.

సందేహమున్నవారు రాత్రివేళ ఫ్యాను ఆపి, వెలిగించిన అగరువత్తిని వెంటిలేటరుకడ పట్టి చూడవచ్చును. పొగ వెలుపలికి సాగినచో దారి యున్నట్లే. తరువాత తలుపు క్రింది సందును గుడ్డతో మూసి మరల చూడవలెను.