పోటీ క్రీడాకారులకు యోగసాధన

పోటీ క్రీడల్లో ఉన్నవారు యోగసాధన వైపు మళ్లేది చాలావరకు రెండు సందర్భాల్లో: మానిందనుకున్న గాయం తిరగబెట్టినప్పుడు, లేదా వయసు పైబడుతున్న కొద్దీ నిన్నటి శ్రమ నుంచి తేరుకోవడానికి శరీరం ఎక్కువ సమయం తీసుకుంటున్నప్పుడు. అప్పుడు వారు యోగా నుంచి కోరుకునేది ఒళ్లు బాగా వంగడం ఒక్కటే. నిజానికి ఏళ్ల తరబడి ఒకే ఆటకు అలవాటుపడిన శరీరానికి యోగా చేసే అసలైన మేలు వేరే చోట ఉంది: పనిచేయవలసిన కండరాన్ని పనిచేయిస్తూనే పనిలేని కండరాన్ని సడలించి ఉంచడాన్ని, శ్రమ మధ్యలో కూడా శ్వాసను అదుపు తప్పనీయకపోవడాన్ని అది నేర్పుతుంది. ఒళ్లు వంగడాన్నే లక్ష్యంగా పెట్టుకున్న ఆటగాడికి ఈ మేలు దక్కకపోగా, ఆటకు కావలసిన బిగువు కూడా కొంత చేజారే ప్రమాదం ఉంది.

ఈ మార్గంలో ముందుగా నడిచిన ప్రముఖుల్లో అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు కరీమ్ అబ్దుల్ జబ్బార్ ఒకరు. ఏడడుగుల రెండంగుళాల ఎత్తున్న ఆయన 1969 నుంచి 1989 వరకు 20 సీజన్లు ఎన్‌బీఏలో ఆడి 42 ఏళ్ల వయసులో విరమించారు. ఆయన సాధించిన 38,387 పాయింట్ల రికార్డు 2023లో లెబ్రాన్ జేమ్స్ దాటేదాకా నిలిచింది. అంత భారీ శరీరంతో గట్టి చెక్కనేల మీద వేలసార్లు ఎగిరి దిగే ఆటలో మోకాళ్లు, చీలమండలు, నడుము ఎంత దెబ్బతింటాయో ఊహించవచ్చు. తాను అంతకాలం ఆడగలగడానికి యోగాభ్యాసమే ముఖ్య కారణమని ఆయన పలుమార్లు చెప్పారు. తొడ వెనుక కండరాల గాయాలతో పదేపదే ఇబ్బందిపడ్డ మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ ఆటగాడు ర్యాన్ గిగ్స్ కూడా యోగాను ఆశ్రయించి, 40 ఏళ్ల వయసు దాకా ఆడి 2014లో విరమించారు. ఇద్దరి అనుభవం శాస్త్రీయ రుజువు కాజాలదు, ఎందుకంటే అలాంటివారికి పుట్టుకతో వచ్చిన దేహదారుఢ్యం, మేలైన వైద్యం కూడా తోడై ఉంటాయి. అయినా క్రీడాకారుడి శరీరంలో యోగా ఏ లోటు పూడుస్తుందో పరిశీలించడానికి ఆ అనుభవం తగినంత కారణమే.

ఆట శరీరాన్ని బలపరుస్తూనే ఒక పక్కకు ఒరిగేలా మలుస్తుంది. బ్యాడ్మింటన్ ఆటగాడు నెట్ దగ్గరి షటిల్ అందుకోవడానికి ఎప్పుడూ రాకెట్ చేతి వైపు కాలినే ముందుకు చాచి దిగుతాడు కనుక, రెండు కాళ్ల బలంలోనూ తుంటి కదలికలోనూ తేడా ఏర్పడుతుంది. పరుగు పందెం క్రీడాకారుడి కాళ్లు ముందుకూ వెనక్కూ తప్ప పక్కలకు కదిలే అవసరమే రాదు కనుక తుంటి పక్కనున్న కండరాలు వెనుకబడతాయి. ఆసనాలను రెండు వైపులా సమానంగా, నిదానంగా చేయవలసి ఉండటంతో ఈ తేడా మొదటి వారంలోనే బయటపడుతుంది. వీరభద్రాసనంలో కుడికాలు ముందుంచి స్థిరంగా నిలిచిన ఆటగాడు ఎడమకాలు ముందుంచగానే తూలడం కొత్తగా వచ్చిన లోపం కాదు, ఆట వేగంలో ఇంతకాలం కనబడకుండా ఉన్నదే.

పనిలేని కండరాన్ని సడలించి ఉంచడం ఎందుకు అవసరమో చెప్పడానికి తొడ వెనుక కండరాల కోసం చేసే సుప్త పాదాంగుష్ఠాసనం మంచి ఉదాహరణ. వెల్లకిలా పడుకొని, ఒక పాదానికి బెల్టు తగిలించి, ఆ కాలిని నిటారుగా పైకెత్తి ఉంచడమే ఈ ఆసనం. గెలుపుకు అలవాటుపడిన ఆటగాడు కాలిని తలవైపు బలవంతంగా లాగుతాడు. వెంటనే భుజాలు నేల విడిచి లేస్తాయి, దవడ బిగుసుకుంటుంది, శ్వాస ఆగిపోతుంది. అలా హఠాత్తుగా లాగినప్పుడు కండరంలో ఉండే గ్రాహకాలు, అంటే సాగుదలను పసిగట్టే సూక్ష్మ నిర్మాణాలు, వెన్నుపాముకు హెచ్చరిక పంపి కండరాన్ని తిరిగి ముడుచుకునేలా చేస్తాయి కనుక బలప్రయోగం దానికదే అడ్డంకి అవుతుంది. కాలిని ఒక జానెడు కిందికి దించి, బెల్టును వదులుచేసి, నిశ్వాసను పొడిగిస్తే అదే కండరం కొద్దిసేపటికి తనంత తానుగా లొంగుతుంది. పతంజలి యోగసూత్రాలు ఆసనానికి స్థిరత్వాన్ని, సుఖాన్ని లక్షణాలుగా చెప్పాయి; క్రీడాకారుడికి మొదటిది ఎప్పుడో పట్టుబడి ఉంటుంది, కష్టమంతా రెండోదాని దగ్గరే. బెల్టులు, దిమ్మెలు, కుర్చీల సాయంతో ఆసనాలు నేర్పే పద్ధతిని పుణెకు చెందిన బి.కె.ఎస్. అయ్యంగార్ విస్తృతంగా అభివృద్ధి చేశారు. బిగుసుకున్న కండరాలున్న ఆటగాళ్లకు అది ఎంతో అనువైనది.

అయితే బిగువంతా శత్రువు కాదు. పరుగెత్తేటప్పుడు మడమ పైనుండే అకిలిస్ టెండాన్, అంటే పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే దృఢమైన పట్టీ, పాదం నేలను తాకినప్పుడు స్ప్రింగులా శక్తిని దాచుకొని తర్వాతి అడుగుకు తిరిగి ఇస్తుంది. అది మరీ వదులైతే ఆ పనంతా కండరాల మీద పడుతుంది. కదలకుండా ఒకే భంగిమలో నిమిషానికి మించి కండరాన్ని సాగదీసినప్పుడు, ఆ వెంటనే దాని బలం కాసేపు తగ్గుతుందని వ్యాయామ శాస్త్రం గమనించింది. అందుచేత దీర్ఘంగా నిలిపే ఆసనాలకు పోటీకి ముందు సమయం తగదు. సాధన ముగిశాకో, విశ్రాంతి రోజునో చేయడం మేలు.

ఫాస్ట్ బౌలర్ల విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. బంతి విసిరే క్షణంలో వారి నడుము ఒకేసారి వెనక్కి వంగుతుంది, పక్కకు ఒరుగుతుంది, మెలితిరుగుతుంది. ముందుకాలు నేలను తాకిన తాకిడి శరీర బరువుకు ఎన్నో రెట్లుగా పైకి ప్రసరిస్తుంది. నడుము దిగువ వెన్నుపూసల్లో సన్నని పగుళ్లు ఏర్పడటానికి ఇదే ప్రధాన కారణం. అప్పటికే అతిగా వెనక్కి వంగుతున్న ఆ నడుముతో చక్రాసనం వంటివి చేయించడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. వీపు పైభాగాన్ని, తుంటి ముందుభాగాన్ని వదులుచేసే ఆసనాలు, శలభాసనం వంటి వాటిని మితమైన ఎత్తులో చేస్తూ వెన్ను కండరాలకు బలం చేకూర్చే సాధన వారికి తగినవి. నడుంనొప్పి ఉన్నవారు వైద్యుడికి చూపించుకోకుండా ఏదీ మొదలుపెట్టకూడదు.

శ్వాస విషయానికి వస్తే, యోగా ఇచ్చే మేలు పోటీ నడుస్తుండగానే అక్కరకొస్తుంది. విశ్రాంతిలో మనిషి నిమిషానికి సుమారు 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటాడు. దాన్ని ఆరు వరకు తగ్గించి, నిశ్వాసను ఉచ్ఛ్వాస కన్నా పొడిగిస్తే, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ప్రభావం పెరిగి గుండె వేగం నెమ్మదిస్తుంది. బ్యాడ్మింటన్‌లో 21 పాయింట్ల గేము ఆడేటప్పుడు ఒకరి స్కోరు 11కు చేరగానే 60 సెకన్ల విరామం ఉంటుంది. చెమట తుడుచుకొని, నీళ్లు తాగి, కోచ్ మాటలు వినగా మిగిలే వ్యవధిలో మూడు నాలుగు దీర్ఘశ్వాసలకే చోటు దొరుకుతుంది. నెలల తరబడి సాధన చేసినవారికి ఆ మూడు నాలుగే చాలు. ఆ రోజే మొదలుపెట్టినవారికి అవి దక్కవు. ఆటకు ముందు ఉత్సాహం కోసం కపాలభాతిని వేగంగా చేయడం మాత్రం మంచిది కాదు, ఎందుకంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తల తేలినట్టవుతుంది.

2020 డిసెంబరులో భారత ప్రభుత్వం యోగాసనాన్నే ఒక పోటీ క్రీడగా గుర్తించింది. ఆ క్రీడలో భంగిమ ఎంత కఠినమైతే అంత విలువ ఉండటం సహజమే గాని, మరో ఆట ఆడేవారు ఆ కొలతతో తమను కొలుచుకోవడం తగదు. వారికి కావలసిన గురువు ఆసనాలు తెలిసినవాడై ఉంటే సరిపోదు. ఆ ఆట క్యాలెండరు, ఆటగాడి పాత గాయాలు కూడా తెలిసి, కోచ్‌తోనూ ఫిజియోతోనూ మాట్లాడేవాడై ఉండాలి. పోటీలు లేని నెలల్లో వారానికి రెండు మూడు సార్లు నిలబడి చేసే ఆసనాలు, బలాన్ని పెంచే ఆసనాలు చేయించవచ్చు. సీజన్ మొదలయ్యాక వాటిని తగ్గించి, కాళ్లను గోడకు ఆనించి పడుకునే విపరీతకరణి, శవాసనం వంటి విశ్రాంతి భంగిమలను పెంచాలి. కొత్త ఆసనమేదైనా పెద్ద టోర్నమెంటుకు కొన్ని వారాల ముందే పరిచయం కావాలి గాని ఆ వారంలో కాదు. పోటీ రోజున పది నిమిషాల శ్వాససాధన చాలు, వార్మప్ అంతా ఆటకు సంబంధించిన కదలికలతోనే సాగాలి.