తాబేలు కళ్లు వాస్తే ముందు ఏం కొలవాలి?

పెంపుడు తాబేలు రెండు కళ్లూ వాచి, రెప్పలు తెరవక, మేత ముట్టక మూలన కూర్చుంటే ముందు చుక్కల మందు గుర్తొస్తుంది. చాలాసార్లు జబ్బు కంట్లో పుట్టదు. దీపం ఎక్కడ వేలాడుతోంది, టబ్బులో ఎన్ని నీళ్లున్నాయి, రోజూ ఏం తింటోంది అన్న మూడింటిలో ఎక్కడో పుడుతుంది. ఈ మూడూ ఇంట్లోనే కొలుచుకోవచ్చు.

అంతకన్నా ముందు అది ఏ తాబేలో చూసుకోండి. డిప్ప మీద పసుపు చారలు చుక్కల్లా విచ్చుకుని ఉంటే అది నక్షత్ర తాబేలు. శ్రీకూర్మం గుడి దగ్గర మనం చూసేది అదే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ దాన్ని మొదటి షెడ్యూలులో చేర్చింది. ఇంట్లో పెట్టుకుంటే 3 నుంచి 7 ఏళ్ల జైలు, రూ.25 వేలకు తగ్గని జరిమానా. ఎవరో ముచ్చటపడి ఇచ్చారన్నా సరే, అటవీ శాఖకు అప్పగించాల్సిందే. కాబట్టి కింద చెప్పేదంతా దుకాణాల్లో పిల్లగా అమ్మే, కంటి వెనక ఎర్ర పట్టీ ఉండే విదేశీ నీటి తాబేలు గురించే.

గదిలో ట్యూబులైటు ఉంది కదా, చాలదా? చాలదు. వెలుతురును లక్స్ అనే కొలతలో చెబుతారు. మన హాల్లో రాత్రి దీపాల కింద ఉండేది 200, 300 లక్స్. ఎండలో అదే లక్ష దాకా ఉంటుంది. పైగా మన కంటికి రంగులు పట్టే కణాలు 3 రకాలైతే ఈ తాబేలుకు 4 రకాలు. నాలుగోది మనకు కనిపించని అతినీలలోహిత కాంతిని, అంటే యూవీని చూస్తుంది. ఆ యూవీలోనే యూవీబి అనే భాగం తగిలితే ఒంట్లో డి విటమిన్ తయారై డిప్ప గట్టిపడుతుంది. కిటికీ పక్కన పెట్టామనేవారికి ఒక మాట: మామూలు అద్దం వెలుగును లోపలికి వదులుతుంది, యూవీబిని దాదాపు మొత్తం ఆపేస్తుంది.

సరే, యూవీ బల్బు కొంటే సరిపోతుందా? కళ్లకు అసలు ముప్పు ఇక్కడే. విశాఖలో ఉక్కు పనీ ఓడల పనీ చేసేవారికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అద్దం లేకుండా వెల్డింగు చూస్తే, కొన్ని గంటల తర్వాత కంట్లో ఇసుక పోసినట్టు మంట, నీరు కారడం, రెప్ప తెరవలేకపోవడం. తప్పుడు బల్బు కింద తాబేలు కంటికి జరిగేదీ ఇదే, కంటి పైపొర కాలడం. సూక్ష్మజీవులను చంపడానికి అమ్మే యూవీసీ గొట్టాన్ని దాని దరిదాపులకు కూడా తేకూడదు. సరీసృపాల కోసమే చేసిన పొడవాటి యూవీబి ట్యూబు మేలు. ఊరూ పేరూ లేని చుట్టల బల్బు చవగ్గా వస్తున్నా వద్దు.

దూరం లెక్క ఇంకా ముఖ్యం. బల్బును మూరెడు ఎత్తు నుంచి జానెడుకు దించితే కాంతి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. ఎంత ఎత్తు ఉండాలో డబ్బా మీద రాసి ఉంటుంది. దాన్ని స్కేలుతో కొలిచి కట్టండి, కంటి అంచనా వద్దు. దీపం ఎప్పుడూ నెత్తి మీదే ఉండాలి. ఎండ పైనుంచి పడితే కనుబొమ ఎముకా రెప్పా కంటికి గొడుగు పడతాయి. పక్క నుంచి కొట్టే వెలుగుకు ఏదీ అడ్డు లేదు. ట్యూబు వెలుగుతున్నట్టే కనిపించినా యూవీ తగ్గిపోతుంది. 6 నుంచి 12 నెలల్లో మార్చాలి. పగలు 10, 12 గంటలు వెలిగించి, రాత్రి పూర్తిగా ఆర్పేయండి. వేడి కోసం పెట్టే 50 వాట్ల బల్బు రోజుకు 10 గంటలు వెలిగితే నెలకు 15 యూనిట్లు. ఆ ఖర్చుకూ సిద్ధపడాలి.

భీమిలిలో ఉన్నవారికి డబ్బు ఖర్చులేని దారి ఉంది, డాబా మీది ఎండ. ఫోన్లో వాతావరణం చూపే చోట యూవీ సూచీ అని ఒక అంకె ఉంటుంది. ఈ తాబేలుకు 1 నుంచి 3 మధ్య హాయి, 7 దాటితే ముప్పు. మే రెండో వారంలో సూర్యుడు మన ఊరికి సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పటి మధ్యాహ్నపు అంకె 11 దాటడం మామూలే. వేసవిలో ఉదయం 8 గంటల లోపు, చలికాలంలో ఉదయం 8 నుంచి 10 గంటల మధ్య అరగంట చాలు. అద్దాల తొట్టెతో మాత్రం ఎండలో పెట్టకండి, లోపల నీళ్లు కాగిపోతాయి. వెడల్పు టబ్బులో సగం నీడ, కాకులకు అడ్డంగా పైన జాలి, పక్కన మనిషి తప్పనిసరి.

ఇక నీళ్లు. పెంపకందారులు వాడే ఉజ్జాయింపు ప్రకారం డిప్ప పొడవు ప్రతి రెండున్నర సెంటీమీటర్లకు సుమారు 38 లీటర్లు. అరచేతిలో ఇమిడే పిల్లకు చిన్న గిన్నె చాలనిపిస్తుంది గానీ, 15 సెంటీమీటర్లకు ఎదిగేసరికి 230 లీటర్లు, అంటే 15 లీటర్ల బక్కెట్లు పదిహేను కావాలి. ఆడది 25, 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, 20 ఏళ్లకు పైగా బతుకుతుంది. ఇరుకు టబ్బులో అది తిన్నదీ విసర్జించినదీ అదే నీళ్లలో కలిసి, అవే కళ్లలోకి వెళతాయి. కుళాయి నీళ్లలో క్లోరిన్ వాసన ఉంటే ఒక రోజు మూత లేకుండా నిల్వ ఉంచి పోయండి. పూర్తిగా పొడిగా ఎక్కి కూర్చోవడానికి రాయి కూడా ఉండాలి. ఇంత చోటు లేదనుకుంటే కొనకపోవడమే దానికి మేలు. పెరిగాక గోస్తని నదిలోనో చెరువులోనో వదిలేయడం పెద్ద తప్పు. స్థానిక జీవాల చోటు ఆక్రమించే ప్రపంచపు 100 చెడ్డ జాతుల జాబితాలో ఇది ఉంది.

దీపం, నీళ్లు రెండూ బాగున్నా కళ్లు వాస్తే? మేత చూడండి. ఎండురొయ్యలు, మాంసం ముక్కలే పెడితే ఎ విటమిన్ తగ్గి, కంటి చుట్టూ ఉండే గ్రంథులు పూడుకుపోతాయి. పిల్ల తాబేళ్లలో ఇది తరచూ కనిపించేదే. తాబేళ్ల కోసం చేసిన గుళికల మేత, దానితోపాటు ఆకుకూర, తురిమిన క్యారెట్ అలవాటు చేయండి. విటమిన్ సూది మాత్రం సొంతంగా వద్దు, మోతాదు మించితే చర్మం ఊడొస్తుంది.

రెండు రోజుల్లో కళ్లు తెరవకపోతే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు బల్బు డబ్బా, దాన్ని కొన్న నెల, అది వేలాడే ఎత్తు, టబ్బులో ఎన్ని లీటర్లు, వారంగా ఏం తిన్నది, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి.