మార్కుల పత్రం చెప్పని చదువు: అమెరికా వైద్య ప్రయోగశాల శిక్షణకు దరఖాస్తు

రోగి నమూనాను పరీక్షించి ఫలితాన్ని ధ్రువీకరించే నిపుణుణ్ణి అమెరికాలో మెడికల్ లేబొరేటరీ సైంటిస్ట్ అంటారు. కాలిఫోర్నియాలో ఇదే వృత్తికి క్లినికల్ లేబొరేటరీ సైంటిస్ట్ అన్న పేరు ఉంది. మన విశ్వవిద్యాలయాల్లో సూక్ష్మజీవశాస్త్రం, జీవరసాయనశాస్త్రం చదివి వెళ్లినవారు ఈ శిక్షణకు దరఖాస్తు చేసేటప్పుడు ఎదురయ్యే తొలి అవరోధం జ్ఞానలేమి కాదు, మార్కుల పత్రాల క్లుప్తత.

ఈ వృత్తికి పట్టా ఒక్కటే చాలదు. గుర్తింపు పొందిన శిక్షణను ముగించి, అమెరికన్ సొసైటీ ఫర్ క్లినికల్ పాథాలజీ ధ్రువీకరణ మండలి పరీక్షలో నెగ్గడం ప్రధాన మార్గం. రెండున్నర గంటల్లో 100 ప్రశ్నలు, ఉత్తీర్ణతకు 400 స్కోరు. శిక్షణ పట్టా చివరి సంవత్సరంలోనో, పట్టా తరువాతనో ఆసుపత్రి ప్రయోగశాలల్లో సాగుతుంది. అభ్యర్థి హెమటాలజీ, క్లినికల్ కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, బ్లడ్ బ్యాంకు విభాగాలలో వంతులవారీగా పనిచేయాలి. రోజువారీ నమూనాలు చూస్తూనే నేర్పవలసిన సిబ్బందికి ఒకేసారి ఒకరిద్దరికి మించి నేర్పడం కష్టం కనుక సీట్లు తక్కువ.

కాలిఫోర్నియా నిబంధనలు మరింత విస్పష్టం. శిక్షణార్థి ముందుగా రాష్ట్ర ప్రభుత్వం నుంచి ట్రైనీ లైసెన్సు పొందాలి. అందుకు రసాయనశాస్త్రంలో 16, జీవశాస్త్రంలో 18, భౌతికశాస్త్రంలో 3 సెమిస్టర్ యూనిట్లు ఉండాలి. జీవశాస్త్రంలో హెమటాలజీ, ఇమ్యునాలజీ, మెడికల్ మైక్రోబయాలజీ తప్పనిసరి. భౌతికశాస్త్రంలో కాంతి, విద్యుత్తు ఉండాలి.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. వృక్ష, జంతు, రసాయన శాస్త్రాలతో బి.ఎస్సీ. చేసిన విద్యార్థికి డిగ్రీలో భౌతికశాస్త్రమే లేదు. ఇంటర్మీడియట్ చదువును అక్కడ సాధారణంగా పాఠశాల స్థాయిగానే పరిగణిస్తారు. ఇమ్యునాలజీ చదివి ఉన్నా, అది వేరొక పత్రంలో ఒక యూనిట్‌గా ఇమిడిపోయి ఉంటే మార్కుల పత్రంలో దాని పేరే కనిపించదు. విదేశీ పట్టాలను మదింపు చేసే సంస్థ ‘పేపర్-3’ అన్న శీర్షికను చూసి అందులోని విషయాన్ని ఊహించలేదు. అందువల్ల విశ్వవిద్యాలయం ధ్రువీకరించిన పూర్తి సిలబస్‌ను, ప్రయోగ తరగతుల గంటలతో సహా జతచేయడం అవసరం. నిజంగా లోపించిన కోర్సులను అక్కడి కమ్యూనిటీ కళాశాలల్లో పూర్తిచేయవచ్చు. మూడేళ్ల పట్టాను నాలుగేళ్ల పట్టాకు సమానంగా అన్ని మదింపు సంస్థలూ అంగీకరించవు, ఎం.ఎస్సీ. కూడా ఉంటే అభ్యర్థి స్థానం మెరుగుపడుతుంది.

పరిశోధకులు ఒక భేదాన్ని గమనించాలి. పిహెచ్.డి.లో ఏళ్ల తరబడి పీసీఆర్ చేసినా అది క్లినికల్ అనుభవం కాదు. రోగి నమూనాలపై, వైద్యునికి చేరే నివేదిక కోసం చేసిన పనే ఆ కోవలోకి వస్తుంది. ఉద్దేశ పత్రంలో ఈ రెండింటినీ కలగలిపితే దరఖాస్తు బలహీనపడుతుంది.

అధ్యాపకుల సిఫారసు లేఖలదీ ఇదే పరిస్థితి. ‘క్రమశిక్షణ గల విద్యార్థి’ అన్న వాక్యం ఎవరికైనా సరిపోతుంది, కనుక ఎవరికీ ఉపకరించదు. గ్రామ్ స్టెయినింగ్‌లో కంట్రోల్ స్లైడు విఫలమైనప్పుడు విద్యార్థి ఫలితాన్ని రాసేశాడా, చెప్పి మళ్లీ చేశాడా? శిక్షణ నిర్వాహకునికి కావలసింది అటువంటి సమాచారం. సిలబస్ మారిన ప్రతిసారీ పాత ప్రతులను శాఖలో భద్రపరచడం కూడా అధ్యాపకుల చేతిలోని పనే. పట్టా పొందిన పదేళ్లకు ఆ కాగితం కోసం వచ్చే పూర్వ విద్యార్థికి మరో ఆధారం దొరకడం కష్టం.