ఏనుగు మల్లమ్మ కొండకు ఒక పూట వెళ్లొద్దాం

మదనపల్లె మార్కెట్లో టమాటా దింపి, వేలంపాట ముగిసి, డబ్బు చేతికొచ్చాక మీకు ఒక పూట మిగిలిందనుకోండి. తిరుగు బస్సెక్కే ముందు ఒక్కసారి హార్సిలీ కొండల వైపు చూడండి. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి చూసి పోతుంటారు. పక్కనే సేద్యం చేసే మనం మాత్రం 'ఎప్పుడైనా పోదాంలే' అనుకుంటూనే ఉంటాం.

మదనపల్లె నుంచి అంగళ్లు మీదుగా సుమారు 30 కిలోమీటర్లు. ఘాట్ రోడ్డు మలుపులు ఎక్కేకొద్దీ గాలి చల్లబడుతుంది. కొండ ఎత్తు సుమారు 1,265 మీటర్లు. అంటే 4,100 అడుగుల పైమాటే. ఎండాకాలంలో కూడా రాత్రికి దుప్పటి ఉంటే మంచిది.

పేరు వెనుక కథ

కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యు.డి. హార్సిలీ అనే దొర 19వ శతాబ్దంలో ఇక్కడ వేసవి విడిది కట్టించుకోవడంతో ఆయన పేరు స్థిరపడింది. అంతకుముందు నుంచీ ఇది మనవాళ్లకు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగుల నీడన పెరిగిన మల్లమ్మ, కొండ మీది ఆకూ వేరూతో జనం జబ్బులు నయం చేసేదట. ఒకరోజు కనిపించకుండా పోతే ఆమెకు గుడి కట్టి కొలుచుకున్నారని పెద్దలు చెబుతారు.

పైన గాలిబండ మీద నిలబడితే పంచె నిలవదు! అక్కడి నుంచి కిందికి చూడండి. చెరువులు, మడికట్లు, టమాటా తోటలు చాపలు పరిచినట్లు కనిపిస్తాయి. 'కల్యాణి' అనే మహా నీలగిరి చెట్టును కూడా చూడాలి. దీన్ని 1859లో నాటారని చెబుతారు. 1995లో దీనికి మహావృక్ష పురస్కారం వచ్చింది.

రైతు చూడవలసింది

చెట్టు అందమే కాదు, నీటి లెక్క కూడా గమనించండి. అడవి ఉన్న వాలు మీద వాన పడితే ఆకులూ వేర్లూ దాన్ని పట్టి నిదానంగా లోపలికి దించుతాయి. బోడికొండ మీద పడిన వాన గంటలో వంకపాలవుతుంది. పోతూపోతూ పైమట్టిని కూడా తీసుకుపోతుంది. ఆ మట్టే చెరువులో పూడిక. అందుకే కొండ బోడిదైతే కింద మన బావి కూడా ఎండుతుంది.

కావాలంటే కొండ కిందనే రుజువుంది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనతో ఏర్పడిన రిషివ్యాలీ బడివాళ్లు, మెట్ట నేలల్లో ఏళ్ల తరబడి మొక్కలు నాటి, పశువులు మేయకుండా కాపాడి పచ్చదనం తెచ్చారు. పచ్చదనంతో పాటు పక్షులూ వచ్చి చేరాయి. లోపలికి వెళ్లాలంటే ముందుగా అనుమతి తీసుకోండి.

ఇది ఒక్క బడికే సాధ్యమనుకోవద్దు. మీ ఊరి గుట్టకు ఎండాకాలంలో నిప్పు పడకుండా చూసుకోండి. తొలకరికి ముందు వాలుకు అడ్డంగా కందకాలు తీయించండి. కానుగ, సీతాఫలం గింజలు చల్లండి. గుట్టపై కొన్నాళ్లు మేత ఆపితే మొలకలు నిలుస్తాయి.

ఎలా వెళ్లాలి?

తిరుపతి నుంచి పీలేరు, వాల్మీకిపురం మీదుగా మదనపల్లె చేరి, అక్కడి నుంచి కొండకు వెళ్లాలి. పైన పర్యాటక సంస్థ వసతి ఉంది. వానలు పడ్డాక, భాద్రపదం నుంచి మాఘం దాకా చూడ ముచ్చటగా ఉంటుంది. తిన్న పొట్లం, తాగిన సీసా కొండ మీద పారేయకండి. వాన వస్తే అవీ కిందికే, మన చెరువులోకే వస్తాయి.