మీకు తెలుసా? హీలియం జాడ గుంటూరు గ్రహణంలో

నక్షత్రాలు దేనితో తయారయ్యాయో మనిషి ఎన్నటికీ తెలుసుకోలేడని 1835లో ఫ్రెంచి తత్త్వవేత్త ఆగస్ట్ కోంట్ తేల్చేశాడు. పాతికేళ్లలోనే కిర్కాఫ్, బున్సెన్ కాంతిని వర్ణపటంగా విడదీసి మూలకాలను గుర్తించే పద్ధతి కనిపెట్టారు.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు నేల మీదుగా సాగింది. గుంటూరులో జూల్స్ జాన్సెన్, మచిలీపట్నంలో నార్మన్ పాగ్సన్ సూర్యుడి అంచున ఎగసే జ్వాలలను వర్ణపటదర్శినితో పరిశీలించారు. నల్లని నేపథ్యంపై మెరిసే రేఖలు కనిపించాయి. అంటే ఆ జ్వాలలు వేడెక్కి వెలిగే వాయువులు. రేఖలు అంత ప్రకాశంగా ఉంటే గ్రహణం లేకపోయినా కనిపిస్తాయని జాన్సెన్‌కు తట్టింది, మర్నాడే చూశాడు. ఈ గడ్డ మీద జరిగిన ఖగోళ పరిశీలనల్లో ఇంతకు మించినది లేదనే చెప్పాలి. జ్వాలల రేఖల్లోని పసుపు రేఖ సోడియానిది కాదని, కొత్త మూలకానిదని ఇంగ్లండులో లాకయర్ గ్రహించాడు. అదే హీలియం. భూమ్మీద దాన్ని 1895లో రామ్సే గుర్తించాడు.

ఆ తెలుగు తీరంలోనే ఉన్న శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న సూర్యుణ్ని పరిశీలించే నౌక ఆదిత్య-ఎల్1 బయల్దేరింది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఉన్న ఆ నౌకలో సూర్యుడి బయటి వాతావరణమైన కరోనాను చూసే పరికరం సూర్యబింబాన్ని తానే కప్పేస్తుంది. దానికి గ్రహణంతో పనిలేదు.