డీవీఐ నుంచి పీడీఎఫ్‌కి: పద్యం ఎక్కడ జారిపోతుంది?

తొంభైలలో అమెరికాలో చదువుకున్న మనవాళ్ళలో చాలామంది థీసిస్ లేటెక్‌లోనే రాసి ఉంటారు. మీరు వాళ్ళలో ఒకరైతే పాత సీడీల డబ్బా ఓసారి తీసి చూడండి. చివర డీవీఐ అని తోక ఉన్న ఫైళ్ళు రెండు మూడైనా కనిపిస్తాయి. ఏ ప్రోగ్రాముతోనూ తెరుచుకోవడం లేదని వాటిని చెత్తబుట్టలో వెయ్యకండి. ఎందుకు వెయ్యకూడదో చెబుతాను.

నేనుండేది సౌదీ అరేబియా తూర్పు తీరంలో, రాస్ తనూరాలో. గల్ఫ్ సముద్రంలోకి ముక్కులా చొచ్చుకుపోయిన నేల ఇది. సౌదీ ముడిచమురు మొదటిసారి ట్యాంకరు ఓడకెక్కింది ఇక్కడే, 1939 మే 1న. 1945 నుంచి ఇక్కడ రిఫైనరీ నడుస్తోంది. ఒక కాంట్రాక్టు కంపెనీలో ఇంజనీరింగ్ డ్రాయింగులు భద్రపరిచే సాఫ్ట్‌వేర్ చూసుకోవడం నా ఉద్యోగం. ముప్ఫై ఏళ్ళ కిందటి పైపు లైను పటం ఇవాళ ఏ కంప్యూటర్లో తెరిచినా అదే కొలతతో, అదే అక్షరంతో కనబడాలి. దానికోసమే 2005లో పీడీఎఫ్/ఏ అనే ఐఎస్ఓ ప్రమాణం వచ్చింది. వాడిన ప్రతి ఖతినీ ఫైల్లోనే పొదగాలన్నది అందులో ముఖ్యమైన షరతు. ఈ పరికరానికి, ఆ పరికరానికి కట్టుబడని పత్రాలే నాకు అన్నం పెడుతున్నాయి. అందుకే కాబోలు, కోనసీమ మిత్రుడొకాయన తన సీడీ తెచ్చి నా చేతిలో పెట్టారు.

ఆయన తండ్రిగారు తెలుగు పండితులుగా రిటైరయ్యారు. నూట ఎనిమిది పద్యాలతో ఒక శతకం రాశారు. 1996లో అమెరికాలో ఉన్న మేనల్లుడు దాన్ని ఇంగ్లీషు అక్షరాల లిప్యంతరీకరణలో టైపు చేసి, టెక్‌తో పేజీలు కట్టి, ప్రింటు తీసి పంపాడు. పెద్దాయన ప్రూఫులు దిద్దారు. ఊళ్ళో జిరాక్సు తీయించి పంచారు. ఇప్పుడు పెద్దాయన లేరు. రాతప్రతికి చెదలు పట్టింది. టైపు చేసిన మూలం ఎక్కడుందో మేనల్లుడికే తెలియదు. మిగిలింది ఒక జిరాక్సు కాపీ, ఈ డీవీఐ ఫైలు.

"ఫోన్లో చదువుకునేలా చెయ్యాలండీ. మా పిల్లలు వెతికితే పద్యం దొరకాలి," అన్నారాయన.

జిరాక్సు చూసి మళ్ళీ టైపు చేస్తే సరిపోదా అని మీరు అడగొచ్చు. నాకూ ముందు ఆ ఆలోచనే వచ్చింది. కానీ జిరాక్సుకి జిరాక్సు తీసిన కాపీ అది. ద ఏదో ధ ఏదో, ప ఏదో వ ఏదో తెలియదు. వత్తులు మసిమరకలు. సంస్కృత సమాసాలు నిండిన పద్యంలో ఊహించి రాస్తే అది పెద్దాయన పద్యం కాదు, నా పద్యమవుతుంది. డీవీఐలో ఆ బాధ లేదు. అక్కడ ద ఒక అంకె, ధ ఇంకో అంకె. అంకె ఎన్నేళ్ళయినా అరిగిపోదు.

డీవీఐ అంటే ఏమిటో ఇక్కడ కాస్త చెప్పుకోవాలి. డొనాల్డ్ క్నూత్ స్టాన్‌ఫర్డ్‌లో టెక్ తయారుచేస్తున్న రోజుల్లో, 1979లో, డేవిడ్ ఫుక్స్ ఈ రూపాన్ని రూపొందించాడు. అప్పట్లో ఒక్కో ప్రింటరుది ఒక్కో భాష. అందుకని టెక్ ఏ ప్రింటరు భాషలోనూ మాట్లాడకుండా, అన్నిటికీ పనికొచ్చే సూచనల చిట్టా ఒకటి రాసి ఊరుకుంటుంది. "ఫలానా ఖతి తీసుకో, అందులో 75వ బొమ్మ పెట్టు, ఇంత కుడికి జరుగు, ఇంత కిందికి దిగు." అంతే. ఈ జరగడానికి కొలత పాయింటులో 65,536వ వంతు. కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం దీనికి వంద రెట్లు ఉంటుంది. అంత సూక్ష్మంగా కొలిచాక ఏ యంత్రం మీద ముద్రించినా పంక్తి ఒక్క వెంట్రుక వాసి కూడా కదలదు.

ఇంత ఖచ్చితమైన ఫైల్లో లేనివి మూడున్నాయి. ఒకటి, అక్షరాల ఆకారాలు. ఖతి పేరు, దాని సైజు, ఒక చెక్‌సమ్ అంకె తప్ప ఇంకేమీ ఉండదు. ఖతి మీ దగ్గర లేకపోతే ఫైలు మూగది. రెండు, ఖాళీలు. స్పేస్ అనే అక్షరమే ఉండదు. మాటకీ మాటకీ మధ్య కుడికి జరగడం ఉంటుంది, అంతే. మూడు, అక్షరాలే. 75వ బొమ్మ 'క' అని ఎక్కడా రాసి ఉండదు. ఖతి చేసినాయన ఆ గదిలో ఏది పెడితే అదే.

మొదటిది తీర్చడమే తేలిక. సీట్యాన్ భాండాగారంలో తెలుగు ఖతుల మెటాఫాంట్ మూలాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటితో కట్టిన ఖతుల చెక్‌సమ్ ఫైల్లోని అంకెతో సరిపోయింది. మేనల్లుడు వాడింది అచ్చంగా ఈ ఖతులే అన్నమాట. ఆ అంకె కలవకపోతే బొమ్మల స్థానాలు మారి ఉండొచ్చు. అప్పుడు అక్షరాలు ఒకదాని చోట ఒకటి పడినా అడిగే దిక్కుండదు.

ఇక పీడీఎఫ్. డీవీఐపీఎస్‌తో పోస్ట్‌స్క్రిప్టు చేసి అక్కణ్ణుంచి పీడీఎఫ్ చెయ్యడం పాత దారి. డీవీఐపీడీఎఫ్ఎంఎక్స్‌తో నేరుగా వెళ్ళడం దగ్గర దారి. ఎటు వెళ్ళినా మెటాఫాంట్ ఖతులు చుక్కల బొమ్మలుగానే లోపలికి వస్తాయి. 300 చుక్కల ప్రింటరు కోసం కట్టిన పది పాయింట్ల ఖతి ఎత్తు సుమారు 41 చుక్కలు. కాగితం మీద ముచ్చటగా ఉంటుంది, తెర మీద పెద్దది చేస్తే మెట్లు మెట్లుగా విరుగుతుంది. ఎంఎఫ్‌ట్రేస్ లాంటి పనిముట్టుతో ఆ బొమ్మల అంచులు గీయించి టైప్ 1 ఖతిగా మారిస్తే ఈ జబ్బు కుదురుతుంది. చాలామంది ఇక్కడితో చేతులు దులుపుకుంటారు. మా మిత్రుడు కూడా తెర మీద నాన్నగారి పద్యం నిగనిగలాడుతుంటే చూసి మురిసిపోయారు. తర్వాత వెతుకుడు పెట్టెలో "శ్రీ" అని కొట్టారు. శతకం నిండా శ్రీలే. ఒక్కటీ దొరకలేదు.

దొరకదు. పీడీఎఫ్‌కి అందింది బొమ్మల నంబర్లే, అక్షరాలు కావు. ఏ బొమ్మ ఏ యూనికోడ్ అక్షరమో చెప్పే పట్టికని, టూయూనికోడ్ అంటారు, పీడీఎఫ్‌లో పెట్టుకోవచ్చు. ఇంగ్లీషుకి అది చాలు. మనకి చాలదు. "స్త్రీ" చూడండి. యూనికోడ్ వరస స, త, ర, చివర గుడిదీర్ఘం. ముద్రించేటప్పుడు ముందు పడేది "సీ", తర్వాత తావత్తు, రావత్తు. బొమ్మల వరసలోనే అక్షరాలు తీస్తే దీర్ఘం వత్తుల ముందుకొచ్చి కూర్చుంటుంది. ఐత్వంలో సగం పైన, సగం కింద. పీడీఎఫ్ నుంచి తెలుగు కాపీ చేసి అతికిస్తే వచ్చే ఆ వికృత రూపాలకి సగం కారణం ఇదే.

అందుకని పీడీఎఫ్‌ని పక్కన పెట్టి వెనక్కి, డీవీఐ దగ్గరకే వెళ్ళాను. డీవీఐటైప్ అని క్నూత్ రాసిన ప్రోగ్రాము ఉంది. ఫైల్లోని ప్రతి సూచననీ మనిషి చదవగలిగేలా వరసగా రాసిస్తుంది. దాని మీద ఒక చిన్న పైథాన్ స్క్రిప్టు రాసుకున్నాను. శుక్ర, శనివారాలు మాకు సెలవు. అలాంటివి మూడు వారాలు పట్టింది. ఖాళీల సంగతి పద్యాల్లో సులువుగానే తేలింది, ఎందుకంటే పాదాన్ని సాగదీయరు కనుక మాటల మధ్య ఎడం అన్నిచోట్లా ఒకటే. తాత్పర్యాల దగ్గర వచ్చింది చిక్కు. కుడి అంచు సమం చెయ్యడానికి టెక్ ఒక్కో పంక్తిలో ఒక్కో ఎడం వాడుతుంది.

అసలు తంటా వత్తులతో. కొన్నిచోట్ల వెనక్కి జరిగి వత్తు పెట్టడం, మళ్ళీ ముందుకి రావడం. ఆ వత్తు ముందు అక్షరానిదా, వెనక అక్షరానిదా? వచనంలో అయితే తెలుగు వచ్చినవాడు కూర్చుని చదివి చెప్పాల్సిందే. పద్యానికి చదివేవాడు లోపలే ఉన్నాడు. ఉత్పలమాల పాదంలో భ, ర, న, భ, భ, ర, వ గణాలు, ఇరవై అక్షరాలు. వత్తు ఒక అక్షరం పక్కకి జరిగితే సంయుక్తానికి ముందున్న లఘువు గురువవుతుంది, గణం విరుగుతుంది. ప్రాస అక్షరం నాలుగు పాదాల్లో కలవకపోతే అక్కడ హల్లు తేడా పడిందని తెలుస్తుంది. ఛందం అనే ఉచిత సాఫ్ట్‌వేరుకి పద్యాలన్నీ ఇచ్చి, అది తప్పన్న పాదాలే తీసి చూసుకుంటూ వత్తుల సూత్రాన్ని బిగించుకుంటూ పోయాను. మన లాక్షణికులు కంప్యూటరు పుట్టకముందే చెక్‌సమ్ కనిపెట్టి పెట్టారనిపించింది.

యూనికోడ్ పాఠం చేతికొచ్చాక దాన్ని పోతన2000 ఖతితో జీటెక్‌లో మళ్ళీ పేజీలు కట్టాను. జీటెక్ కూడా లోపల డీవీఐకి తమ్ముడు లాంటి ఎక్స్‌డీవీ అనే రూపమే రాసి, దాన్ని పీడీఎఫ్ చేస్తుంది. అందులో యాక్చువల్‌టెక్స్ట్ అనే సదుపాయం తిప్పితే, బొమ్మలు ఏ వరసలో ఉన్నా ఈ మాట అసలు అక్షరాలు ఇవీ అని పీడీఎఫ్‌లోనే రాసి ఉంటుంది. పీడీఎఫ్ చదివే ప్రోగ్రాములన్నీ దాన్ని గౌరవించవు, అందుకని పక్కనే ఉత్త యూనికోడ్ ఫైలు కూడా ఒకటి ఇచ్చాను. డీవీఐ, ఖతుల మూలాలు కూడా అదే ఫోల్డరులో పెట్టాను. రేపు ఇంకెవరైనా నా సూత్రాన్ని అనుమానిస్తే మొదటినుంచీ చూసుకోవచ్చు.

నూట ఎనిమిదిలో నూట ఆరు పద్యాలకి గణాలు కుదిరాయి. మిగతా రెండింటిలో ఒక్కో పాదం తప్పుతోంది. డీవీఐలో ఉన్నది అదే, జిరాక్సులో కనబడినంత మేరా అదే. సరిచెయ్యమంటారా అని మిత్రుణ్ణి అడిగాను. ఆయన ఆ రెండు పద్యాలూ పైకి చదువుకుని, "నాన్న ప్రూఫు చూసి వదిలిన పాదాలండీ అవి. ఉండనివ్వండి," అన్నారు.