మేం ‘సి’ సెక్షనండీ!

నేను లెక్కల టీచర్ని. బదిలీ మీద కొత్త బడికొచ్చాను. అక్కడ మార్కుల్ని బట్టి ఎనిమిదో తరగతిని ఎ, బి, సి అని విడదీశారు. నాకు ‘సి’ ఇచ్చారు. మొదటిరోజే ఒక పిల్ల లేచి, “మాకు లెక్కలు రావండీ, మేం ‘సి’ సెక్షనండీ” అంది, ఇంటిపేరు చెప్పుకున్నట్టు!

1/3 పెద్దదా, 1/4 పెద్దదా అని అడిగాను. చాలామంది 1/4 అన్నారు. మూడు కంటే నాలుగు పెద్దది కదా మరి! ఒక అట్టుని ముగ్గురు పంచుకుంటే ఎక్కువొస్తుందా, నలుగురు పంచుకుంటేనా అనేసరికి అందరూ నవ్వేశారు. తెలివి లేక కాదు, కింది తరగతిలో ఒక మెట్టు జారింది. అంతే.

అయితే విడదీయడమే తప్పా? అలా అనలేం. కెన్యాలో 121 ప్రాథమిక పాఠశాలల్లో జరిగిన పరిశోధన 2011లో అచ్చయింది. ఒకటో తరగతిని స్థాయిని బట్టి విడదీసిన బళ్లలో వెనకబడ్డ పిల్లలూ బాగుపడ్డారు. పాఠం వాళ్ల స్థాయికి దిగి రావడమే కారణమని పరిశోధకుల వివరణ. మన దేశంలో ‘ప్రథమ్’ సంస్థ పద్ధతిలోనూ స్థాయిని బట్టే కూర్చోబెడతారు, కానీ రోజులో కొంతసేపే. పిల్లవాడు ముందుకెళ్తే గుంపు మారుస్తారు. పాఠం మార్చకుండా సెక్షన్ ఒక్కటీ మారిస్తే, మిగిలేది ముద్రే.

అందుకే అమ్మలకి నా మనవి. “మావాణ్ణి ‘ఎ’లో వెయ్యండి” అని అడక్కండి. “వాడు ఏ మెట్టు దగ్గర ఆగాడు? మళ్లీ ఎప్పుడు చూస్తారు?” అని అడగండి.

ఆ పిల్ల ఇప్పుడు సెక్షన్ పేరెత్తడం లేదు. “ఇంకోసారి చెప్పండి టీచర్” అంటోంది. నాకదే చాలు.